తులసి, అశ్వగంధ, బిళ్ళగన్నేరు, పిప్పలి: నాలుగూ ఒకేసారి పాడయ్యాయి. వైరసేనా?

నాగోలు_పెరడు | జులై 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, నాగోలు వైపు. మేడ మీద ముప్పై కుండీల దాకా ఉన్నాయి, అన్నీ మందుమొక్కలే. పది రోజుల నుంచి నాలుగింటికి ఏదో అయింది. ఫోటోలు పెట్టాను, చూడండి.

తులసి: చిగుళ్ళు దొప్పల్లా ముడుచుకున్నాయి, ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు.
బిళ్ళగన్నేరు: పూలు గులాబీ రంగులో రావాలి కదా, ఆకుల్లాగా వస్తున్నాయి. కొమ్మ చివర చిన్న చిన్న ఆకులు గుంపుగా.
అశ్వగంధ: కొత్త ఆకులు పైకి ముడుచుకుని, ఈనెలు పచ్చబడ్డాయి.
పిప్పలి: తీగ ఎదగడం ఆగింది, ఆకుల మీద పచ్చ మచ్చలు.

నా అసలు టెన్షన్ పిప్పలి గురించి. ఉగాది నుంచి ఆ తీగ ముక్కలు అడిగిన వాళ్ళందరికీ ఇచ్చాను. లెక్కేస్తే పదకొండు ఇళ్ళు.

కుండీల_కిరణ్ | జులై 6, రాత్రి 9:52

అక్కా నాలుగూ వైరసే. పోయినేడు నా మిర్చి కుండీలకి ఇలాగే బొబ్బర వచ్చింది. పీకి తగలబెట్టేయండి, లేటు చేస్తే మిగతా ఇరవై ఆరు కూడా పోతాయి.

సుజాత_తెనాలి | జులై 6, రాత్రి 10:15

తులసిని తగలబెట్టమంటావేంటి బాబూ! పద్మగారి కోట దగ్గర మొక్కకీ ఇలాగే వస్తే వేపనూనె కొట్టారు, తగ్గింది.

ఆకుతిప్పిచూడు | జులై 7, ఉదయం 6:20

ఏదీ పీకకండి. కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పండి ముందు.

మొదటిది: పచ్చ అంటే మీ ఇంట్లో ఏ రంగు? నవ్వకండి. సగం జిల్లాల్లో పచ్చ అంటే పసుపు, మిగతా సగంలో ఆకుపచ్చ. నలభై ఏళ్ళు మొక్కల తెగుళ్ళ ల్యాబులో పనిచేశాను. ఫోన్లో 'ఆకు పచ్చబడింది సార్' అని విని తప్పు మందు చెప్పిన రోజులున్నాయి.

రెండోది: ఆకు తిప్పి చూశారా? నాలుగు ఫోటోలూ ఆకు పైభాగానివే. ఆకుకి జరిగే కథలో ముప్పాతిక భాగం కింది వైపే ఉంటుంది.

మూడోది: పాడైన ఆకులు లేతవా, ముదురువా? అదే కుండీలో బాగున్న కొమ్మ ఒకటైనా ఉందా? చుట్టుపక్కల మిర్చి, టమాటా, బెండ ఉన్నాయా?

కిరణ్ బాబూ, ఈ నాలుగూ నాలుగు వేరు కుటుంబాల మొక్కలు. తులసి పుదీనా వాళ్ళది, అశ్వగంధ వంగ-మిర్చి వాళ్ళది, బిళ్ళగన్నేరు గన్నేరు వాళ్ళది, పిప్పలి తమలపాకు వాళ్ళది. ఒకే వైరస్ అందరినీ ఒకేసారి పట్టడం అసాధ్యమేమీ కాదు. కుకుంబర్ మొజాయిక్ వైరస్ పన్నెండు వందలకు పైగా మొక్క జాతుల మీద బతుకుతుంది. కానీ అప్పుడు లక్షణాలు ఇంత వేరువేరుగా ఉంటే నాకు అనుమానమే.

నాగోలు_పెరడు | జులై 7, ఉదయం 8:05

పచ్చ అంటే పసుపు రంగే మాష్టారూ, మాది నల్గొండ. ఆకులు తిప్పాను. తులసి కింద నల్లటి మచ్చలు, మిరియాల పొడి చల్లినట్టు. చిన్న పురుగులు కూడా ఉన్నాయి, రెక్కలు వల గుడ్డలా ఉన్నాయి. అశ్వగంధ కుండీ కదిపితే తెల్ల దుమ్ములాగా లేచింది. బిళ్ళగన్నేరు కింద ఏమీ కనపడలేదు. పిప్పలి కణుపుల దగ్గర కొద్దిగా దూది.

పక్క మేడ మీద టమాటా ఉంది. ఇరవై అడుగుల దూరం.

ఆకుతిప్పిచూడు | జులై 7, ఉదయం 8:40

చూశారా, ఫోటో పది రోజుల్లో చెప్పలేనిది ఆకు అడుగు పది నిమిషాల్లో చెప్పింది.

తులసి కేసు మూసేయొచ్చు. అది లేస్ బగ్. రెక్కలు జాలీలా ఉండి రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుంటుంది. ఆకు కింద కూర్చుని రసం పీలుస్తుంది, పైన తెల్ల చుక్కలు పడతాయి, చిగురు ముడుచుకుంటుంది. ఆ మిరియాల పొడి దాని రెట్ట. వైరస్ రెట్ట వేయదు. ముడుచుకున్న చిగుళ్ళు తుంచి సబ్బునీళ్ళలో ముంచేయండి, ఆకుల కింది వైపు నీళ్ళు గట్టిగా కొట్టండి.

అశ్వగంధ నుంచి లేచిన తెల్ల దుమ్ము తెల్లదోమ. మిగతా మూడింటిలో నాకు నిజంగా భయం వేసేది దాని మీదే.

డల్లాస్_తులసమ్మ | జులై 7, ఉదయం 9:30

మాది డల్లాస్. ఇక్కడ బేసిల్‌కి ఇంకో తంటా. ఆకు పైన పసుపు, నేను మెగ్నీషియం తక్కువేమో అని ఎప్సమ్ సాల్ట్ వేస్తూ కూర్చున్నాను. తిప్పి చూస్తే కింద బూడిద రంగు నూగు. బూజు తెగులట, డౌనీ మిల్డ్యూ. అమెరికాలో 2007లో ఫ్లోరిడాలో మొదలైందని చదివాను. మన తులసికి అంత రాలేదు, పక్కనున్న ఇటాలియన్ బేసిల్ మొత్తం పోయింది.

ఆకుతిప్పిచూడు | జులై 7, ఉదయం 9:55

సరిగ్గా చెప్పారమ్మా. నూగు, బూజు, పొడి కనిపిస్తే అది శిలీంధ్రం, లేదా దాని లాంటి జీవి. ఆకు మీద వైరస్ ఏమీ పెంచదు. అది కణం లోపల ఉంటుంది. పొగాకు మొజాయిక్ వైరస్ పొడవు 300 నానోమీటర్లు, మందం 18. మీ దగ్గరున్న ఏ భూతద్దానికీ అందదు. కాబట్టి భూతద్దంతో మనం వెతికేది వైరస్‌ని కాదు, దాన్ని మోసుకొచ్చిన వాణ్ణి. ఇంకో పని, వైరస్ కాని వాటిని ఒక్కొక్కటే జాబితాలోంచి కొట్టేయడం.

ఎరువు లోపానికీ వైరస్‌కీ తేడా ఇలా పోల్చుకోవచ్చు. లోపమైతే పద్ధతిగా ఉంటుంది. ఇనుము తక్కువైతే లేత ఆకులన్నీ, మెగ్నీషియం తక్కువైతే ముదురు ఆకులన్నీ. ఆకుకి రెండు పక్కలా ఒకేలా, ఈనెలు ఆకుపచ్చగానే ఉండి మధ్య జాగా పసుపవుతుంది. వైరస్‌కి ఆ పద్ధతి లేదు. ఒక పక్క ముదురు ఆకుపచ్చ, ఒక పక్క లేత, అతుకుల బొంతలా. ఈనెలే పసుపెక్కి వలలా కనిపిస్తే తెల్లదోమ మోసే జెమిని వైరస్ గుంపు మీద అనుమానం. బెండలో పల్లాకు తెగులు చూసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు.

కుండీల_కిరణ్ | జులై 7, మధ్యాహ్నం 1:10

సరే మాష్టారూ, తులసి విషయంలో ఓడిపోయాను 🙏 మరి నా మిర్చి? అది కూడా వైరస్ కాదంటారా?

అనంత_రైతు | జులై 7, మధ్యాహ్నం 2:30

తమ్ముడూ, మిర్చిలో ముడత మూడు రకాలు. ఆకు పైకి పడవలా ముడిస్తే తామర పురుగులు, అది పై ముడత. కిందికి బోర్లించిన పడవలా ముడిచి కాడ సాగితే తెల్లనల్లి, అది కింది ముడత. ఆకు గిడసబారి, ఈనెలు ఉబ్బి, మొక్క గుబురై కాపు ఆగిపోతే అది బొబ్బర, అంటే వైరస్. మొదటి రెండూ మందు కొడితే కొత్త చిగురు బాగా వస్తుంది. మూడోది రాదు. నీది ఏదో నువ్వే చెప్పాలి.

కుండీల_కిరణ్ | జులై 7, మధ్యాహ్నం 2:41

కిందికే ముడిచింది అన్నా. కాడలు పొడుగ్గా ఉన్నాయి. అంటే మంచి మొక్కలు ఎనిమిది తగలబెట్టాను.

అనంత_రైతు | జులై 7, మధ్యాహ్నం 3:15

పోనీలే. ఇంకోటి చెప్తా విను, పేజీ చివరిదాకా చదువు. 2000 ఖరీఫ్‌లో మా అనంతపురం జిల్లాలో వేరుశనగ చేలు చేలకు చేలే కాండం నల్లబడి ఎండిపోయాయి. రెండు లక్షల హెక్టార్ల పైన. నష్టం మూడు వందల కోట్లు దాటిందని లెక్క కట్టారు. మొదట అందరం మొవ్వుకుళ్ళు అనుకున్నాం, అది మాకు పాత చుట్టమే కదా. కాదని తేలింది. టొబాకో స్ట్రీక్ అనే ఇంకో వైరస్. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? గట్ల మీది వయ్యారిభామ నుంచి. ఆ వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడి ఒంటికి పూసుకుని వేరుశనగ ఆకు మీద గీరినప్పుడు లోపలికి పోతుంది. వయ్యారిభామకి మాత్రం ఏ రోగమూ కనపడదు. నిగనిగలాడుతూ పూస్తుంటుంది.

అక్కా, మీ మేడ కింద ఖాళీ జాగాలో వయ్యారిభామ ఉంటే ముందు దాన్ని పూత రాకముందే పీకించండి.

సుజాత_తెనాలి | జులై 7, సాయంత్రం 5:00

అయితే చక్కగా ఉన్న మొక్కలో కూడా వైరస్ ఉండొచ్చా? ఇంక కనిపెట్టడం ఎలాగండీ!

ఆకుతిప్పిచూడు | జులై 7, రాత్రి 8:10

ఉండొచ్చు. కంటికి కనిపించే లక్షణంతో మొదలుపెడతాం గానీ దాని మీదే తీర్పు చెప్పకూడదు అనేది అందుకే. పైగా కొన్ని వైరస్‌ల లక్షణాలు ఎండలు ముదిరితే మాయమై వాతావరణం చల్లబడ్డాక మళ్ళీ బయటపడతాయి. మే నెలలో చూసి బాగుందనుకున్న తీగ ఆగస్టులో మచ్చలు చూపిస్తుంది.

చిన్న పిట్టకథ. మొక్కల వైరస్ గురించి దొరికిన అతి పాత రాత క్రీ.శ. 752 నాటిది. జపాన్ మహారాణి కోకెన్ రాసిన కవిత. ఎండాకాలంలోనే ఓ మొక్క ఆకులు శరత్కాలంలోలాగా పసుపెక్కాయని ఆశ్చర్యపోయింది. ఆ మొక్క యూపటోరియం, తూర్పు దేశాల వైద్యంలో వాడేదే. ఆ పసుపు ఈనెలకు కారణం తెల్లదోమ మోసే జెమిని వైరస్ అని 2003లో తేల్చారు. ఆమె రోగ లక్షణాన్ని కచ్చితంగా రాసింది, కారణం తెలియడానికి పన్నెండు వందల ఏళ్ళు పట్టింది. నాగోలు అమ్మగారికి అంత ఆలస్యం కానివ్వం.

ఇక బిళ్ళగన్నేరు. పువ్వు ఆకుగా మారడం, ఆకులు చిన్నవై చీపురులా గుబురవడం చూడగానే మన వాళ్ళందరూ వైరస్ అంటారు. నేను చేరిన కొత్తల్లో నేనూ అలాగే రాశాను, మా పెద్దాయన కాగితం మొహాన కొట్టినంత పని చేశారు. అది ఫైటోప్లాస్మా. గోడ లేని బ్యాక్టీరియా అనుకోండి. మొక్క ఆహారం ప్రవహించే నాళాల్లో ఉంటుంది. నువ్వుల్లో, వంగలో వెర్రి తెగులు అంటారే, అదే జాతి. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు మల్బరీలో దీన్ని కనిపెట్టేదాకా ప్రపంచమంతా వైరస్ అనే నమ్మింది. టెట్రాసైక్లిన్ ఇస్తే లక్షణాలు తగ్గాయి, వైరస్ అయితే యాంటీబయాటిక్‌కి లొంగదు, అలా దొరికిపోయింది. మోసేది తెల్లదోమ కాదు, దీపపు పురుగులు. బిళ్ళగన్నేరు అంటే ఫైటోప్లాస్మాకి ఎంత ఇష్టమంటే, ప్రపంచంలో చాలా ల్యాబులు ఈ జీవిని బతికించి ఉంచుకోవడానికి బిళ్ళగన్నేరు మొక్కల్నే వాడతాయి.

ఆ మొక్క బాగుపడదు. తీసేయండి. టెట్రాసైక్లిన్ పోస్తానని ఎవరూ బయల్దేరకండి, ఆపిన మర్నాటి నుంచి మళ్ళీ మొదలు. మంచి మొక్క నుంచి విత్తనం కట్టుకోండి, ఫైటోప్లాస్మా మామూలుగా విత్తనం ద్వారా రాదు.

నాగోలు_పెరడు | జులై 7, రాత్రి 9:15

తులసి బతికింది, బిళ్ళగన్నేరు పోయింది. మిగతా రెండూ?

ఆకుతిప్పిచూడు | జులై 7, రాత్రి 9:40

వాటికి పరీక్ష కావాలి. అశ్వగంధకి ఒక రకం, పిప్పలికి ఇంకో రకం. రేపు వివరంగా రాస్తాను. ఈలోగా ఆ రెండు కుండీలనూ మిగతా వాటికి దూరంగా పెట్టండి. అశ్వగంధ మీద రాత్రి పూట దోమ కదలనప్పుడు పల్చటి గుడ్డ సంచి తొడగండి. పగలు కదిపితే దోమంతా పక్క కుండీ మీద వాలుతుంది. కత్తెరకి స్పిరిట్ రాసి ఊరుకోకండి. కరోనా నుంచి అందరికీ శానిటైజర్ అలవాటైంది గానీ, పొగాకు మొజాయిక్ లాంటి మొండి వైరస్ దానికి లొంగదు. ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి ముంచండి. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగితే చేతులు సబ్బుతో కడగకుండా మొక్కల్ని ముట్టుకోవద్దనండి.

నాగోలు_పెరడు | జులై 7, రాత్రి 9:44

ఆ ఒక్క మాట ప్రింట్ తీసి మా ఆయనకి చూపిస్తాను 😄

పాడేరు_పిప్పలి | జులై 8, ఉదయం 7:00

మాది పాడేరు దగ్గర. మా ఏజెన్సీలో పిప్పలిమోడి కోసం ఈ తీగ వేస్తాం, ఎండబెట్టిన వేర్లే అమ్ముతాం. అమ్మా, మీరు ఆ తీగ ఎక్కడ తెచ్చారు? కణుపుల దగ్గర దూది అన్నారు కదా, అది పిండినల్లి. పసుపు మచ్చలూ పిండినల్లీ కలిసి కనిపిస్తే మేం ఆ తీగ నుంచి ముక్క కోయం.

నాగోలు_పెరడు | జులై 8, ఉదయం 7:30

ఒక నర్సరీలో. పేరు వద్దులెండి. కొన్నప్పుడే ఒక ఆకు మీద మచ్చ ఉంది. అడిగితే 'ఎండకి మేడమ్' అన్నారు. నేనూ నమ్మాను.

ఆకుతిప్పిచూడు | జులై 8, ఉదయం 10:30

పాడేరు ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు. తమలపాకు, మిరియం, పిప్పలి తీగల్లో ముఖ్యంగా రెండు వైరస్‌లు తిరుగుతాయి. ఒకటి కుకుంబర్ మొజాయిక్, పేనుబంక మోస్తుంది. రెండోది పైపర్ ఎల్లో మాటిల్, దాన్ని పిండినల్లి మోస్తుంది. రెండూ తీగ ముక్క ద్వారా నేరుగా వెళ్ళిపోతాయి. తల్లి తీగలో ఉంటే మీరు పంచిన ప్రతి ముక్కలోనూ ఉండే అవకాశం ఎక్కువ. మిరియంలో ఈ రెండింటినీ వాటి జన్యువుని బట్టి పట్టుకునే పీసీఆర్, ల్యాంప్ అనే ల్యాబు పద్ధతులు కోళికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ రూపొందించింది.

ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది, పాతకాలంది. కొన్ని మొక్కలకు ఫలానా వైరస్ రసం రుద్దితే రుద్దిన చోటే చుక్కలు పడతాయి. వాటిని సూచిక మొక్కలంటాం. 1929లో హోమ్స్ అనే ఆయన ఒక రకం అడవి పొగాకు ఆకు మీద ఈ చుక్కల్ని లెక్కపెట్టి వైరస్ ఎంతుందో అంచనా వేశాడు. మన దేశంలో ల్యాబుల్లో మొవ్వుకుళ్ళు వైరస్‌కి వాడేది అలసంద, సీ-152 అనే రకం. కుకుంబర్ మొజాయిక్ కూడా అలసంద మీద సూదిమొన చుక్కలు చూపిస్తుంది.

పద్ధతి: అలసందలు నాటిన ఏడెనిమిది రోజులకు మొదటి జత ఆకులు విచ్చుకుంటాయి. మూడాకుల కొమ్మ రాకముందే పని కావాలి. మచ్చలున్న లేత పిప్పలి ఆకుని ఫ్రిజ్‌లో చల్లబరిచిన కల్వంలో కొద్దిగా చల్లటి నీళ్ళు పోసి నూరాలి. ల్యాబులో అయితే ఫాస్ఫేట్ బఫర్ వాడతాం, నీళ్ళతో ఫలితం కొంచెం బలహీనం. అలసంద ఆకు మీద కార్బోరండం అనే గరుకు పొడి చల్లాలి, ఇంట్లో అయితే చీమలకి వాడే డయాటమేషియస్ ఎర్త్ పనికొస్తుంది. రసంలో ముంచిన వేలితో ఒక్కసారి మెల్లగా రాసి, వెంటనే నీళ్ళతో కడిగి, ఒక రోజు నీడలో ఉంచాలి. మూడు నుంచి ఐదు రోజుల్లో చుక్కలు.

కొన్ని మొలకలకు ఉత్త నీళ్ళు, కొన్నింటికి బాగున్న పిప్పలి ఆకు రసం రాయడం మర్చిపోవద్దు. అవి లేకపోతే ఆ పరీక్షకి విలువ లేదు.

అశ్వగంధకి మాత్రం ఇది పనికిరాదు. జెమిని వైరస్‌లు చాలా మటుకు రసంతో అంటవు, తెల్లదోమ కుట్టాలి లేదా అంటు కట్టాలి. చుక్క రాలేదు కాబట్టి వైరస్ లేదని సంబరపడితే మోసపోతాం. దానికి పీసీఆరే దారి.

కుండీల_కిరణ్ | జులై 19, సాయంత్రం 6:20

నేనూ చేశాను మాష్టారూ. అక్క దగ్గర పిప్పలి ఆకు తెచ్చుకుని, వంటింట్లో అలసందలతోనే. నాలుగో రోజుకి అన్ని మొలకల మీదా గోధుమ రంగు మచ్చలు వచ్చేశాయి! కానీ ఉత్త నీళ్ళు రాసిన వాటి మీద కూడా ఉన్నాయి.

ఆకుతిప్పిచూడు | జులై 19, రాత్రి 7:00

గట్టిగా రుద్దావు. నువ్వు చూసింది వైరస్ చుక్కలు కాదు, నీ బొటనవేలి ముద్రలు. నీళ్ళ మొలకలు లేకపోతే ఈపాటికి పదకొండు ఇళ్ళకీ ఫోన్ చేసి ఉండేవాడివి. మళ్ళీ చెయ్యి. దోమ వాలితే ఎంత బరువో అంతే వెయ్యి.

సుజాత_తెనాలి | జులై 20, ఉదయం 9:00

అడగడానికి మొహమాటంగా ఉంది. వైరస్ ఉన్న ఆకులు కషాయంలో వేస్తే మనకేమైనా అవుతుందా? ఈ పేజీ మొత్తం చదివాక నిన్న పొద్దున తులసి నీళ్ళు తాగలేదు.

ఆకుతిప్పిచూడు | జులై 20, ఉదయం 9:35

తాగండమ్మా. మొక్కల వైరస్ మనుషులకు జబ్బు తెస్తుందన్న రుజువు లేదు. మిర్చిలో ఉండే పెప్పర్ మైల్డ్ మాటిల్ అనే వైరస్‌ని మనం రోజూ తింటూనే ఉన్నాం. అది మన కడుపులోంచి చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. నీళ్ళలో మురుగు కలిసిందో లేదో చూడటానికి ఆ వైరస్‌ని గుర్తుగా వాడుతున్నారు కూడా.

భయపడాల్సింది వేరే దానికి. తెల్లదోమ కనిపించగానే ఇమిడాక్లోప్రిడ్ కొట్టేవాళ్ళున్నారు. అది మొక్క లోపలికి పాకే మందు, కడిగితే పోదు. పత్తికి కొట్టండి, పూలమొక్కకి కొట్టండి. కషాయంలో వేసే ఆకు మీద మాత్రం వద్దు. వేపనూనె, సబ్బునీళ్ళు, పసుపు జిగురు అట్టలు వాడుకోండి. తామర పురుగులకైతే నీలం అట్టలు. అవి వైరస్‌ని నయం చేయవు, మోసేవాళ్ళని తగ్గిస్తాయి. వైరస్ పట్టిన మొక్కని నయం చేసే మందు మార్కెట్లో లేదు. ఉందని అమ్మేవాళ్ళున్నారు, అది వేరే సంగతి. ఇంకోటి, రోగమున్న మొక్కలో మందు గుణమిచ్చే పదార్థాల పాళ్ళు మారతాయి. వేరు కోసం పెంచే అశ్వగంధ గిడసబారితే వేరే ఊరదు.

నాగోలు_పెరడు | జులై 21, రాత్రి 8:30

అశ్వగంధ ఆకు పరీక్షకి పంపించే దారి దొరికింది. తెలిసినవాళ్ళ అమ్మాయి ఒక ల్యాబులో చదువుతోంది, తన పనిలో కలిపి చేస్తానంది. ఆకు ఎలా పంపాలి మాష్టారూ? పోయినసారి ఒక చోటికి పాలిథిన్ కవర్లో తడిగుడ్డ చుట్టి పంపితే కుళ్ళిపోయిందన్నారు. నెల రోజుల తర్వాత చెప్పారు ఆ మాట.

ఆకుతిప్పిచూడు | జులై 21, రాత్రి 9:20

తడిగుడ్డ ఎప్పుడూ వద్దు. పై నుంచి రెండో మూడో ఆకు, లక్షణం స్పష్టంగా ఉన్నది, పూర్తిగా ఎండనిది తీసుకోండి. వైరస్ మొక్కంతా సమానంగా ఉండదు కాబట్టి మూడు కొమ్మల నుంచి తీయండి. పొడి పేపర్లో చుట్టి జిప్ కవర్లో పెట్టి, ఐస్ ప్యాక్ పక్కన ఉంచి అదే రోజు ఇవ్వండి. ఆలస్యమయ్యేట్టుంటే సన్నగా కత్తిరించి సిలికా జెల్‌లో ఆరబెట్టండి, జెమిని వైరస్ డీఎన్ఏ కాబట్టి అలా కూడా నిలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న అశ్వగంధ ఆకు కూడా విడిగా ఒకటి. ఏ కవరులో ఏది అన్నది కవరు మీదే రాయండి, చీటీ లోపల వేస్తే తడిసిపోతుంది.

ఆ అమ్మాయికి ఒక మాట చేరవేయండి. మందుమొక్కల ఆకుల్లో మనకు పనికొచ్చే పదార్థాలే పీసీఆర్‌కి శత్రువులు. డీఎన్ఏ తీస్తే గోధుమ రంగులో జిగురుగా వస్తుంది, పీసీఆర్ పనిచేయదు, 'వైరస్ లేదు' అని రాసేస్తారు. ఆ పదార్థాలను పట్టి ఉంచే పీవీపీ పొడి వేసి, సీటాబ్ అనే డీఎన్ఏ తీసే పద్ధతిలో తీయమనండి. మొక్క సొంత జీన్ ఒకటి పక్కనే పెట్టి నడపమనండి. అది కూడా రాకపోతే పరీక్షే జరగలేదని అర్థం.

పిప్పలికి మాత్రం సిలికా వద్దు, కుకుంబర్ మొజాయిక్ ఆర్ఎన్ఏ వైరస్. తాజా ఆకే కావాలి. ఆమె దగ్గర ఆ వైరస్ స్ట్రిప్ ఉంటే అదే మేలు. కరోనా కిట్‌లాగే ఉంటుంది. ఆకు రసంలో ముంచితే ఒక గీత కంట్రోల్, రెండో గీత వస్తే వైరస్.

డల్లాస్_తులసమ్మ | జులై 22, ఉదయం 6:10

స్ట్రిప్, పీసీఆర్, ల్యాంప్ అంటున్నారు, ఎలైసా అని ఇంకోటి ఉందని విన్నాను. మా లాంటి వాళ్ళకి తేడా ఒక్క ముక్కలో చెప్తారా?

ఆకుతిప్పిచూడు | జులై 22, ఉదయం 7:45

స్ట్రిప్, ఎలైసా రెండూ వైరస్ పైనున్న ప్రోటీన్ కోటుని గుర్తుపడతాయి. మొక్కల వైరస్‌లకు ఎలైసాని 1977లో క్లార్క్, ఆడమ్స్ అనే ఇద్దరు పట్టాలెక్కించారు. ఒకే పళ్ళెంలో తొంభై ఆరు గుంటలు, వైరస్ ఉన్న గుంట పసుపు రంగుకి తిరుగుతుంది. పీసీఆర్ కోటు విప్పి లోపలి జన్యువుని చూస్తుంది, తక్కువ వైరస్ ఉన్నా పట్టుకుంటుంది. ల్యాంప్ కూడా జన్యువునే చూస్తుంది, కానీ అరవై అరవై ఐదు డిగ్రీల దగ్గర ఒకే వేడి చాలు, పెద్ద యంత్రం అక్కర్లేదు. ఏ పరీక్షైనా మీరు అడిగిన వైరస్ గురించే చెప్తుంది. అడగని వైరస్ పక్కనే కూర్చున్నా నోరెత్తదు.

కుండీల_కిరణ్ | ఆగస్టు 2, సాయంత్రం 7:05

రెండోసారి చేశాను. ఈసారి మూడు రకాల అలసందలు, ఒక్కో దానికి ఆరు మొలకలు. నీళ్ళ మొలకలు శుభ్రంగా ఉన్నాయి. మంచి పిప్పలి రసం రాసినవీ శుభ్రం. అక్క వాళ్ళ పిప్పలి రసం రాసిన వాటిలో ఒక రకం మీద మాత్రం ఐదో రోజుకి గోధుమ రంగు సూది చుక్కలు. ఆరింటిలో నాలుగు మొలకలు. మిగతా రెండు రకాల మీద ఏమీ లేదు. ఫోటో పెట్టాను.

ఆకుతిప్పిచూడు | ఆగస్టు 2, రాత్రి 8:00

భేష్. అన్ని అలసందలూ పలకవు, అందుకే ల్యాబులు రకం పేరు పట్టుకు వేలాడతాయి. ఇది రుజువు కాదు, కానీ గట్టి అనుమానం. అమ్మగారి స్ట్రిప్ కోసం చూద్దాం.

నాగోలు_పెరడు | ఆగస్టు 11, రాత్రి 9:10

ఫలితాలు వచ్చాయి.

అశ్వగంధ: జెమిని వైరస్ గుంపు పీసీఆర్‌లో పాజిటివ్. మంచి ఆకు నెగెటివ్. ఏ వైరస్సో పేరు తేలాలంటే సీక్వెన్సింగ్, అంటే దాని జన్యువుని వరసగా చదవడం, చేయాలంది.
పిప్పలి: కుకుంబర్ మొజాయిక్ స్ట్రిప్ మీద రెండు గీతలు. రెండోది లేతగా ఉంది, కానీ ఉంది.

అశ్వగంధ పేరు తేల్చుకోవడం నాకు అవసరమా?

ఆకుతిప్పిచూడు | ఆగస్టు 11, రాత్రి 9:30

మీకు అవసరం లేదు, ఆ అమ్మాయికి అవసరం. చేయనివ్వండి. లేత గీత కూడా గీతే. పిప్పలిలో ఎల్లో మాటిల్ కూడా ఉందో లేదో ఈ స్ట్రిప్ చెప్పదు, పిండినల్లి ఉంది కాబట్టి లేదని నేను అనలేను. ఎటూ తీగ తీసేయాల్సిందే. ముందు సంచి తొడిగి, తర్వాత పీకండి. కంపోస్టులో వేయకండి.

నాగోలు_పెరడు | ఆగస్టు 24, మధ్యాహ్నం 3:40

పదకొండు ఇళ్ళకీ వెళ్ళొచ్చాను. నాలుగు చోట్ల తీగ ముందే చచ్చిపోయింది. ఐదుగురు నా ముందే పీకేశారు, అందులో మూడింటి మీద మచ్చలు స్పష్టంగా ఉన్నాయి. ఒకావిడ ఊళ్ళో లేరు. పదకొండో ఆవిడ మాత్రం పీకనంటోంది. మచ్చలతో ఆకు ముగ్గేసినట్టు అందంగా ఉందట, హాల్లో పెట్టుకుంది.

ఆకుతిప్పిచూడు | ఆగస్టు 24, సాయంత్రం 4:15

ఆవిడని తప్పు పట్టలేం. తుత్తురుబెండ చుట్టాల్లో ఒక మొక్కని వైరస్ వల్ల వచ్చిన పసుపు మచ్చల అందం కోసమే ప్రపంచమంతా అమ్ముతున్నారు. హాల్లో ఉన్నంత వరకు ఫరవాలేదు. బాల్కనీలోకి తేవద్దని, ఎవరికీ ముక్క ఇవ్వద్దని బతిమాలండి.

పాడేరు_పిప్పలి | ఆగస్టు 24, రాత్రి 7:30

అమ్మా, మచ్చలేని తోట నుంచి నేను తీగ పంపిస్తా. ఇప్పుడు కాదు, చలి మొదలయ్యాక ఆకు మళ్ళీ చూసి పంపిస్తా. వచ్చాక రెండు నెలలు విడిగా పెట్టుకోండి, తులసి పక్కన పెట్టకండి. అప్పటిదాకా ఎవరడిగినా ముక్క ఇవ్వకండి.

నాగోలు_పెరడు | ఆగస్టు 24, రాత్రి 7:50

ఇవ్వను అన్నా. చాలా థాంక్స్. ఆ అమ్మాయి దగ్గర ఇంకో స్ట్రిప్ మిగిలింది, దానికోసం దాచమన్నాను.

కుండీల_కిరణ్ | ఆగస్టు 24, రాత్రి 8:20

మాష్టారూ, రెండు కిలోల అలసందలు మిగిలాయి. వండుకోవచ్చా?

ఆకుతిప్పిచూడు | ఆగస్టు 24, రాత్రి 8:26

గింజలు వండుకో. చుక్కలు పలికిన రకం మాత్రం ఓ గుప్పెడు సీసాలో వేసి, పేరు రాసి దాచు.

సుజాత_తెనాలి | ఆగస్టు 24, రాత్రి 8:31

గారెలకి అలసందలే బాగుంటాయి కిరణ్, రాత్రే నానబెట్టు.